మూర్ఛ కాని ఫిట్స్: తొమ్మిదో తరగతి అమ్మాయి కేసు, పన్నెండు వారాల వైద్యం

అమ్మాయికి 14 ఏళ్లు. హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. సొంతూరు నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు వైపు ఒక మెట్ట పల్లె. నాన్న నిమ్మతోటల్లో పనికి పోతాడు. అమ్మ రెండేళ్లుగా కువైట్‌లో ఇంటిపనిలో ఉంది. ఇల్లు నడిపేది నాన్నమ్మ, ఆ ఇంట్లో అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు. పిల్ల ఎవరో తెలియకుండా ఊరికీ ఇంటికీ సంబంధించిన వివరాలు కొన్ని మార్చాం.

"మూడు నెల్ల నుంచి ఫిట్స్ సామీ. మాత్రలు మింగతానే ఉండాది, అవి వస్తానే ఉండాయి." అవ్వ చెప్పిన ఫిర్యాదు ఇంతే.

మొదటిసారి పడిపోయింది ఆగస్టులో, బడి ప్రేయర్‌లో. ఆ పొద్దు టిఫిను తినలేదు, బహిష్టు రెండో రోజు, ఎండలో చాలాసేపు నిలబడింది. కళ్లు చీకట్లు కమ్మి కూలబడి, అర నిమిషంలో లేచి కూర్చుంది. అది మామూలుగా కళ్లు తిరిగి పడిపోవడమే. పది రోజుల తర్వాత సాయంత్రం స్టడీ అవర్‌లో వచ్చింది మాత్రం వేరే రకం. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పన్నెండు నిమిషాలు సాగింది. అక్టోబరుకి వారానికి నాలుగైదు అయ్యాయి. నవంబరు మూడో వారంలో మా దగ్గరికి తెచ్చేసరికి వారానికి తొమ్మిది, ఒక్కోటి సగటున 22 నిమిషాలు. దీపావళి తర్వాత హాస్టల్ వాళ్లు "నయమయ్యాక పంపండి" అని ఇంటికి పంపేశారు.

అప్పటికి మూర్ఛకు వాడే లెవెటిరాసెటమ్ 250 మిల్లీగ్రాముల మాత్ర రెండు పూటలా మొదలై, 500 రెండు పూటలా దాకా పెరిగింది. ఫిట్స్ తగ్గకపోగా కొత్త సమస్య ఒకటి చేరింది. పిల్ల కసురుకుంటోంది, అన్నం పళ్లెం విసిరేస్తోంది. ఈ మందుతో కొందరు పిల్లల్లో చిరాకు, కోపం రావడం డాక్టర్లకు తెలిసిందే. ఆ ముక్క ఇంటివాళ్లకు ఎవరూ చెప్పలేదు. దాంతో "లోపలుండేది తిరగబడతా ఉండాది" అనుకుని మూడు గురువారాలు ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయారు. మాత్ర తెచ్చిన కోపం దెయ్యానికి రుజువైపోయింది.

వీడియోలో ఏం చూశాం

ఇలాంటి కేసులో స్కాన్ కన్నా ముందు కావాల్సింది ఫోన్ వీడియో. అది ఎలా తీయాలో ఇంటివాళ్లకు చెప్పి పంపాలి. మొదలైన క్షణం నుంచే తీయాలి. తల నుంచి కాళ్ల దాకా కనపడాలి, కళ్లు స్పష్టంగా కనపడాలి. మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలవాలి. ఆగిపోయాక ఇంకో ఐదు నిమిషాలు తీయాలి. చాలామంది కొట్టుకోవడం ఆగగానే ఫోన్ కట్టేస్తారు. మాకు ఎక్కువ పనికొచ్చేది ఆ తర్వాతి ఐదు నిమిషాలే.

నాన్న తెచ్చిన వీడియో 14 నిమిషాలు. పిల్ల మంచం మీద కూర్చుని "కళ్లు తిరగతా ఉండాయి అవ్వా" అని తనంతట తనే పడుకుంది. నలభై సెకన్లు కదలిక లేదు. తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది, కానీ ఒక లయలో కాదు. కుడి చేయి ఒక తీరు, ఎడమ కాలు ఒక తీరు. తల అటూ ఇటూ, వద్దు వద్దు అన్నట్టు. అరనిమిషం ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. కళ్లు మొదటి నుంచీ చివరిదాకా గట్టిగా మూసే ఉన్నాయి. పిన్ని రెప్ప తెరవబోతే రెప్ప ఇంకా బిగుసుకుంది. చుట్టూ ఎనిమిది మంది. ఒకరు గుప్పిట్లో తాళాల గుత్తి పెడుతున్నారు, ఒకరు ముక్కు దగ్గర కోసిన ఉల్లిపాయ పట్టుకున్నారు. పెదాలు నీలం తిరగలేదు. కంటి కొస నుంచి నీరు కారుతోంది. ఆగిన నిమిషంలోపే అవ్వను గుర్తుపట్టి మంచినీళ్లడిగింది.

ఒళ్లంతా కొట్టుకునే అసలు మూర్ఛ సాధారణంగా ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి. ఒళ్లు ముందు కొయ్యబారి, తర్వాత ఒకే లయలో ఎగిరిపడుతుంది. ఆ ఎగిరిపాటు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగుతుంది. ఆగాక అయోమయం, గురకతో నిద్ర. కళ్ల సంగతి చిన్నది కాదు. 2006లో వచ్చిన ఒక వీడియో ఈఈజీ (ఫిట్ వస్తుండగా వీడియోతో పాటే మెదడు అలలనూ రికార్డు చేసే పరీక్ష) అధ్యయనంలో మూర్ఛ కాని ఫిట్స్ ఉన్న 52 మందిలో 50 మంది ఫిట్ సమయంలో కళ్లు మూసుకున్నారు. అసలు మూర్ఛ ఉన్న 156 మందిలో 152 మందికి కళ్లు తెరిచే ఉన్నాయి.

అయినా ఏ ఒక్క గుర్తునో పట్టుకుని తేల్చేయకూడదు. మెదడు ముందు భాగంలో పుట్టే మూర్ఛలు చూడ్డానికి అచ్చం నటనలాగే ఉంటాయి. అవి పొట్టిగా ఉంటాయి, ఎక్కువగా నిద్రలోంచి వస్తాయి, ఒక్క రాత్రిలో చాలాసార్లు వస్తాయి. ఈ పిల్లకు నిద్రలో ఒక్కటీ రాలేదు. ఒకసారి పావడా తడిసింది కాబట్టి మూర్ఛే అని అంతకుముందు తేల్చారట. మూత్రం పడటం రెండింటిలోనూ జరుగుతుంది. నాలుక చివర గాటు ఉంది, పక్కన లేదు. అసలు మూర్ఛలో తెగేది ఎక్కువగా నాలుక పక్క.

ఈఈజీలు రెండు తీసి ఉన్నాయి. మొదటిది నార్మల్. దాన్ని చూసి మూర్ఛ లేదనడం తప్పు, ఎందుకంటే మూర్ఛ ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఒక్కసారి తీసిన ఈఈజీ నార్మల్‌గానే వస్తుంది. రెండోదాని రిపోర్టులో "అలలు నెమ్మదించాయి, అబ్‌నార్మల్" అని రాశారు. కాగితం కాకుండా అసలు రికార్డింగ్ తెప్పించి న్యూరాలజిస్టుతో కలిసి చూస్తే, ఆ నెమ్మదించడం గట్టిగా ఊపిరి తీయించిన మూడు నిమిషాల్లోనే ఉంది. పిల్లల్లో అది మామూలే. మందు డోసు పెంచింది ఆ ఒక్క మాట చూసే.

వీడియో ఈఈజీ కోసం చెన్నైకో వేలూరుకో పంపాలి. కానీ అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2013లో ఇచ్చిన మెట్ల ప్రకారం, అనుభవమున్న డాక్టరు వీడియో చూసి లక్షణాలు సరిపోయాయంటే, మామూలు ఈఈజీలో మూర్ఛ గుర్తులు లేకపోతే, "బహుశా ఇదే" అనే స్థాయి నిర్ధారణతో వైద్యం మొదలుపెట్టవచ్చు. న్యూరాలజిస్టు ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం. మొదట పడిపోయింది నిలబడి ఉండగా కాబట్టి గుండె వైపు అనుమానం తీర్చుకోవడానికి ఈసీజీ తీశాం. అందులో గుండె లయ తప్పే ముప్పును చూపే కొలత, క్యూటీ విరామం, సరిగానే ఉంది. షుగరు, కాల్షియం బాగున్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం 8.9, అంటే రక్తహీనత.

రహస్యం కోసం తవ్వడం

మూర్ఛ కాని ఫిట్స్ అనగానే లోపల ఏదో పెద్ద రహస్యం ఉంటుందని వెతకడం డాక్టర్లలోనూ ఒక అలవాటైపోయింది. అడగాల్సినవి అడిగి తీరాలి. పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి, ముందే ఒక సంగతి చెప్పాం: "నువ్వు చెప్పేది ఎవరికీ చెప్పం. కానీ నీ ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉంటే దాచలేం." పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం తెలిస్తే పోలీసులకు చెప్పడం మా బాధ్యత కూడా. ఎవరైనా ఇబ్బందిగా తాకారా, కొట్టారా, చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా, ఒక్కొక్కటే అడిగాం. రెండు వారాల తర్వాత మళ్లీ అడిగాం. అలాంటివేమీ బయటపడలేదు.

బయటపడినవి చిన్నవి, మధ్యరకంవి. హాస్టల్లో ఐదు గంటల నిద్ర. లెక్కల్లో వెనకబడటం, బోర్డు దగ్గరికి పిలుస్తారేమోనన్న గుబులు. వారానికి ఒకసారి రాత్రి పది గంటలకు వచ్చే అమ్మ ఫోను. ఆ ఫోను ఫిట్స్ మొదలయ్యాక రోజూ వీడియో కాల్‌గా మారింది. 41 ప్రశ్నల స్కేర్డ్ ఆందోళన ప్రశ్నావళిలో 33 వచ్చింది, 25 దాటితే ఆలోచించాలి. డిప్రెషన్ అనదగ్గది లేదు.

వీటిలో ఏదీ విడిగా ఫిట్స్ తెప్పించేంతది కాదు. మా అంచనా ఇది: రక్తహీనత, ఆకలి, ఎండ కలిసి ఒకసారి నిజంగానే పడిపోయింది. ఆ భయం ఒంట్లో నాటుకుంది. కాస్త తల తిరిగితే చాలు, "మళ్లీ వస్తోంది" అని ఊపిరి వేగం పెరుగుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గొంతు పట్టేస్తుంది. అక్కడి నుంచి ఒళ్లు తనకు అలవాటైన దారిలో పడిపోతుంది. ఆ దారిని రోజురోజుకీ వెడల్పు చేసింది చుట్టూ ఉన్న ఎనిమిది మంది. అలాగని పిల్ల వాళ్ల కోసం చేస్తోందని కాదు. ఈ తేడా ఇంట్లో చెప్పడం వైద్యంలో కష్టమైన భాగం.

చెప్పిన తీరు

"ఏమీ లేదు, టెన్షనంతే" అనే మాట వాడం. ఆ మాట వినగానే పిల్ల తనను అబద్ధాలకోరు అన్నారనుకుంటుంది, ఇంటివాళ్లు ఇంకో ఆస్పత్రి వెతుక్కుంటారు. నాన్నకూ అవ్వకూ పిల్ల ముందే ఇలా చెప్పాం: "ఇవి నిజమైన ఫిట్సే. పిల్ల కావాలని చేయడం లేదు. కానీ మూర్ఛ కాదు. మీ బోరు మోటారు ఓల్టేజీ తక్కువైనప్పుడు స్టార్టర్ పడిపోతుంది గదా, మోటారు కాలిపోయినట్టా?" నాన్న వెంటనే "కాదు సార్, ఓల్టేజీ వచ్చేదాకా ఆగి బటన్ నొక్కితే ఆడద్ది" అన్నాడు. స్టార్టర్ పడిన ప్రతిసారీ మోటారు విప్పి వైండింగ్ మార్చుకుంటూ పోతే చివరికి నిజంగానే చెడుతుందన్నాం. మాత్రల సంగతి ఆయనకు అక్కడ అర్థమైంది.

అవ్వ అడిగింది వేరు. "అయితే పేటకి పోవద్దంటారా సామీ?" పొమ్మన్నాం. పగలు పోయి పగలే రావాలి, రాత్రి నిద్ర చెడకూడదు, మాత్రలు ఆపకూడదు, పిల్ల వినేలా దెయ్యం మాట ఎవరూ ఎత్తకూడదు అన్నాం. వద్దంటే చెప్పకుండా పోతారు, అప్పుడు ఏం జరిగిందో మనకు తెలియదు. "పెళ్లి చేస్తే పోద్ది" అన్న పెద్దనాన్నకు మాత్రం పద్దెనిమిది నిండకుండా పెళ్లి నేరమనీ, ఈ జబ్బు పెళ్లితో పోదనీ ఒక్కసారి గట్టిగా చెప్పి ఊరుకున్నాం.

పిల్లకు మాటలతో కాదు, చేసి చూపించాం. గుండె, ఆస్తమా సమస్యలు లేవని చూసుకున్నాక, కుర్చీలో కూర్చోబెట్టి ఒక నిమిషం వేగంగా ఊపిరి తీయమన్నాం. నలభై సెకన్లకే "వేళ్లు జివ్వుమంటున్నాయి, ఇదే సార్, ఇట్టనే మొదలవద్ది" అంది. తర్వాత ఊపిరి నెమ్మది చేయిస్తే రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. తన చేత్తో తెచ్చుకుని తన చేత్తో తగ్గించుకోవడం ఆ పిల్లకు అదే మొదటిసారి.

అసలు పని

ఫిట్ ముందు ఈ పిల్లకు నిమిషం దాకా హెచ్చరిక ఉంది. వేళ్ల తిమ్మిరి, గొంతు బిగుతు, మాటలు దూరం నుంచి వినపడటం. ఈ మూడింటిలో ఏది వచ్చినా చేయాల్సింది ఒకటే వరస. రెండు పాదాలూ నేలకు గట్టిగా అదమాలి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. బొటనవేలితో మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా నొక్కాలి. కళ్లు తెరిచే ఉంచి, ఎదురుగా కనపడేవాటి పేర్లు పైకి అనాలి. ఒళ్లు పడుకోమంటుంది, పడుకోకూడదు. ఒళ్లు పోదామన్న దిక్కుకు ఎదురు దిక్కు అన్నమాట. ఇది బాగున్నప్పుడు పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు సాధన చేయాలి. ఫిట్ వచ్చే వేళ మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు. పిల్లలకు ఇలా ఒంటి స్పందనను తిరిగి నేర్పే పద్ధతిని సాదా కౌన్సెలింగ్‌తో పోల్చిన చిన్న అధ్యయనం 2020లో వచ్చింది, ఫిట్స్ తగ్గడంలో ఇదే మెరుగని తేలింది. అదే ఏడాది పెద్దవాళ్లు 368 మందిపై వచ్చిన పెద్ద అధ్యయనంలో ఇంకో రకం మాటల చికిత్స ఏడాది తర్వాత ఫిట్స్ సంఖ్యను చెప్పుకోదగ్గంత తగ్గించలేకపోయింది, బతుకు తీరును మాత్రం మెరుగుపరిచింది. మొత్తం మీద పెద్దల కన్నా పిల్లలే బాగా కోలుకుంటారు.

చుట్టూ ఉన్నవాళ్లకు ఒక కార్డు రాసిచ్చాం. ఒక్కరే దగ్గర ఉండాలి, మిగతావాళ్లు వెళ్లిపోవాలి. తగిలే వస్తువులు తీసేసి, తల కింద మెత్తటిది పెట్టాలి. కాళ్లూ చేతులూ పట్టుకోకూడదు. తాళాలు, ఉల్లిపాయ, నీళ్లు చల్లడం ఏవీ వద్దు. రెండు నిమిషాలకోసారి మామూలు గొంతుతో "నేనిక్కడే ఉన్నా, తగ్గిపోతుంది" అనాలి. వీడియోలు ఇక తీయొద్దు. ఆగాక పది నిమిషాలు కూర్చోనిచ్చి, అంతకుముందు చేస్తున్న పనికే పంపాలి. 108కి ఫోను ఎప్పుడు చేయాలో కార్డు వెనక ఉంది: కళ్లు తెరిచి ఒకే వైపు చూస్తుంటే, పెదాలు నీలమైతే, నిద్రలోంచి వస్తే, దెబ్బ తగిలితే, ఆగాక పది నిమిషాలైనా మనిషిని గుర్తుపట్టకపోతే.

మిగతావి చెప్పుకోవడానికి చిన్నవే కానీ అవి లేకుండా పై పని నిలవదు. మూడు నెలలు ఐరన్, ప్రేయర్‌కు ముందే టిఫిను, ఎనిమిది గంటల నిద్ర. అమ్మ ఫోను మంగళ, శుక్ర, ఆదివారాలు రాత్రి ఎనిమిదింటికి. ఫిట్ వచ్చినా ఆ రోజులే, రాకపోయినా ఆ రోజులే. ఫోను తగ్గించడం కాదిది, ఫోనుకీ ఫిట్‌కీ ఉన్న ముడి విప్పడం. లెవెటిరాసెటమ్ రెండు వారాలకు 250 చొప్పున తగ్గించాం. మూడో వారంలో మొదలుపెట్టి తొమ్మిదో వారం మొదట్లో పూర్తిగా ఆపాం. 500కి దిగేసరికి కసురుకోవడం పోయింది. ఈ మందును ఇంట్లో ఎవరూ ఒక్కసారిగా ఆపకూడదు, మూర్ఛ కాదని తేలినా సరే.

ఎక్కడ తప్పాం

రెండో వారం ఫిట్స్ 13 అయ్యాయి. చుట్టూ జనం తగ్గినప్పుడు ఒళ్లు పాత దారినే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. ఇలా అవుతుందని ముందే చెప్పి ఉన్నా, పదకొండో ఫిట్‌కు అవ్వ తాళాల గుత్తి తీసింది. ఆమెను తప్పుపట్టలేం. అరగంట ఏమీ చేయకుండా కూర్చోవడం ఎవరికైనా కష్టమే. అందుకే కార్డులో ఆమె చేతికొక పని చేర్చాం: గడియారం చూసి మొదలైన వేళ, ఆగిన వేళ కాగితం మీద గీత గీయడం.

పిల్లకు డైరీ ఇచ్చి వచ్చిన ప్రతి ఫిట్టూ రాయమనడం మా తప్పు. రోజంతా దాని గురించే ఎదురుచూసేలా చేసింది. మూడో వారం నుంచి ఆ డైరీలో ఆపగలిగినవి మాత్రమే రాయించాం.

హాస్టల్‌కు కార్డు పంపి ఊరుకోవడం ఇంకో తప్పు. "ఒక్కరే ఉండాలి" అన్నదాన్ని పిల్ల ఒక్కతే ఉండాలని అర్థం చేసుకుని సిక్ రూములో పెట్టి తలుపు దగ్గరగా వేశారు. ఆ మాట తెలిసిన మర్నాడే వెళ్లి, నలుగురికి ఇరవై నిమిషాలు చేసి చూపించాం. అదే వారం అదే డార్మిటరీలో ఇంకో అమ్మాయి పడిపోయింది. హాస్టళ్లలో ఇది పాకే ప్రమాదం ఉంది కాబట్టి ప్రేయర్‌లో ఆ ఊసెత్తవద్దన్నాం, గుంపును చేరనివ్వద్దన్నాం. కానీ ఆ పిల్లను "చూసి నేర్చుకుంది" అని తీసిపారేయలేదు. విడిగా పరీక్షిస్తే ఆమెది రక్తహీనతతో వచ్చిన మామూలు కళ్లు తిరగడమే.

బడికి పంపడం మెట్లుమెట్లుగా సాగింది. మూడో వారం నాన్నతో వెళ్లి రెండు పీరియడ్లు కూర్చుంది. నాలుగో వారం నుంచి పూర్తి రోజు, రాత్రి ఆత్మకూరులో పిన్ని ఇంట్లో. ఆరో వారం హాస్టల్లో రెండు రాత్రులు. లెక్కల టీచరు బోర్డు దగ్గరికి పిలవడం మానేయలేదు, మానొద్దని మేమే అడిగాం. ఏ లెక్క అడుగుతారో ముందు రోజు చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నారు.

నాలుగో వారం 7, ఆరో వారం 4, ఏడో వారం 2. ఎనిమిదో వారం సంక్రాంతి సెలవులు అయి తిరిగి వెళ్లింది, 3 వచ్చాయి. తొమ్మిదిలో ఒకటి, అది నాలుగు నిమిషాలే. హాస్టల్లో పూర్తిగా ఉండటం ఆ వారం నుంచే. పది, పదకొండు, పన్నెండు వారాల్లో ఒక్కటీ లేదు. స్కేర్డ్ 33 నుంచి 17కి, హిమోగ్లోబిన్ 11.4కి వచ్చాయి. తర్వాతి ఆరు నెలల్లో రెండు వచ్చాయి. ఒకటి వైరల్ జ్వరంలో, ఇంకోటి సెలవుకు వచ్చిన అమ్మ తిరిగి కువైట్ విమానం ఎక్కిన మర్నాడు. రెండింటికీ హాస్టల్ వాళ్లు ఇంటికి పంపలేదు.

లెక్కలు ఇంకా వెనకే ఉన్నాయి. హాస్టల్ ఆరోగ్య రిజిస్టర్‌లో పిల్ల పేరుకెదురుగా ఎర్ర ఇంకుతో మూర్ఛ అని రాసి ఉంది, దాన్ని చూపించే పోయిన నెల ఖోఖో జట్టు నుంచి పక్కన పెట్టారు. న్యూరాలజిస్టు సంతకంతో ఉత్తరం పంపాం. ఆ మాట కొట్టేసి, కార్డు నకలు రిజిస్టర్‌లో అంటించమన్నాం.